మడతకో మాట

"ఏమండీ, మీరు దుప్పటి మడుస్తున్నారా, జెండా ఎగరేస్తున్నారా?"

లాండ్రీలో పనికి చేరిన మొదటిరోజు, మొదటి గంటలోనే, అతనికి ఎదురైన ప్రశ్న అది. అడిగిన అమ్మాయి దుప్పటికి అవతలి కొసన ఉంది. ఉందని గొంతును బట్టి తెలియడమే తప్ప మనిషి కనిపించడం లేదు. అతను ఆరడుగుల పైచిలుకు. ఆమె అతని భుజం దాకా కూడా రాదు. అతను చేతులెత్తి పట్టుకునేసరికి ఆ తెల్లటి గుడ్డ వెనక ఆమె మొత్తానికే మాయమైపోయింది.

"సారీ అండీ, అలవాటు లేదు," అన్నాడు.

"మడవడం అలవాటు లేదా, వంగడం అలవాటు లేదా?"

"రెండూ."

"అయితే రెండూ ఇవాళే నేర్చుకోండి. మధ్యాహ్నం లోపల ఆ గుట్ట అయిపోవాలి."

గుట్ట అంటే నిజంగా గుట్టే. ఊళ్ళోని హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రుల దుప్పట్లు అన్నీ అక్కడికే వస్తాయి. ఒక హాల్లో ఉతుకుతారు. పక్క హాల్లో వేడి రోలర్ల మధ్యకి పంపి ఇస్త్రీ చేస్తారు. ఆ హాలు చివర నాలుగు జంటలు నిలబడి మడుస్తాయి. పని చూడ్డానికి చాలా తేలిక. చెరో కొసన రెండేసి మూలలు పట్టుకోవాలి. ఒక్కసారి గట్టిగా లాగాలి. మూలకు మూల కలిపాక ఒకరు నడిచొచ్చి తన మూలల్ని రెండోవాళ్ళ చేతిలో పెట్టాలి, కింద వేలాడుతున్న మడత అందుకుని వెనక్కి వెళ్ళాలి, మళ్ళీ రావాలి. అంతే. కాకపోతే రెండోవాళ్ళతో చేతులు కుదరకపోతే ఆ దుప్పటి ఎవరో కప్పుకుని లేచినట్టు తయారవుతుంది.

ఆ హాలుకి పెద్ద దిక్కు పెద్దక్క. యాభై దాటిన మనిషి. మేనేజరుతో సహా అందరికీ పెద్దక్కే. అసలు పేర్లంటే ఆవిడకి పడదు, మనిషిని చూసి తనే ఒకటి పెట్టేస్తుంది. కొత్తవాడిని కింది నుంచి పై దాకా చూసి "నిచ్చెన" అంది. ఆ అమ్మాయికి ఎప్పుడో "మిరియం" అని పెట్టేసింది.

"గింజంతే ఉంటుంది బాబూ. నోట్లో పడ్డాక తెలుస్తుంది," అని ముందే హెచ్చరించింది.

వాళ్ళిద్దర్నీ జంటగా ఎందుకు వేసిందయ్యా అంటే, మిరియం పక్కన నిలబడటానికి పాతవాళ్ళలో ఎవరికీ ధైర్యం చాల్లేదు.

రోలర్ల మోతలో దుప్పటి ఈ కొస నుంచి ఆ కొసకి కేకేసినా వినిపించదు. మాట్లాడాలంటే మడత కోసం దగ్గరికొచ్చిన ఆ ఒక్క క్షణమే. అందుకని ఆ హాల్లో మాటలన్నీ వాయిదాల పద్ధతిలో నడుస్తాయి. మడతకో మాట. ప్రశ్న ఒక మడతలో, జవాబు ఇంకో మడతలో.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

వెళ్ళింది, వచ్చింది.

"అమ్మా, నాన్నా."

మరో దుప్పటి.

"అమ్మగారు ఏం చేస్తారు?"

"మంచం మీదే. నడవలేదు."

ఆ తర్వాతి దుప్పటి మాటల్లేకుండానే మడత పడింది.

మిరియానికి జాలిపడటం చేతకాదు, నవ్వించడమే వచ్చు. మర్నాడు దగ్గరికి రాగానే, "ఒకసారి మా వదిన టీలో పంచదార అనుకుని..." అని చెప్పి చక్కా వెళ్ళిపోయింది. అతను అవతల నిలబడి గిలగిల్లాడాడు. ఎప్పుడూ లేనిది పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఏం వేసింది?"

"మూలలు సరిగ్గా కలపండి, చెప్తాను."

కలిపాడు.

"బట్టల సోడా. మా అన్నయ్య తాగి బాగుందన్నాడు. అదీ భయం అంటే!"

అతను నవ్విన నవ్వుకి పక్క జంట దుప్పటి వదిలేసింది. మర్నాడు పొద్దున మొదటి మడతలోనే చెప్పాడు: "మీ వదిన టీ సంగతి విని అమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది."

"అయ్యో, ఇంట్లో చెప్పేశారా! మా పరువు గంగలో కలిపేశారు!"

పైకి అలా అందే గానీ, అప్పటి నుంచి రోజూ ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఆ ముసలావిడ కోసం ఏదో ఒకటి సిద్ధం చేసుకుని వచ్చేది. అన్నయ్య గురక, పక్కింటివాళ్ళ చిలక, బస్సులో నిద్రపోయి డిపోదాకా వెళ్ళిపోయిన పెద్దమనిషి. అతను సాయంత్రం మోసుకెళ్ళేవాడు. పొద్దున ఫలితం చెప్పేవాడు. "నవ్వింది." "బాగా నవ్వింది." "చిలక మాట నమ్మనంది." ఎప్పుడో ఒక వానాకాలపు ఉదయం "వంగండి" కాస్తా "వంగు" అయింది. ఇద్దరూ గమనించారు, ఇద్దరూ గమనించనట్టు నటించారు.

ఆ హాల్లో పెద్దక్క పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. నాలుగు జంటల గుట్టలూ అయ్యేదాకా ఎవరూ టిఫిన్ డబ్బా మూత తీయకూడదు. ముందు అయిపోయినవాళ్ళు వెనకబడినవాళ్ళ గుట్టలో చేయి వేయాలి. మొదట్లో నిచ్చెనకి ఇది అన్యాయం అనిపించింది. తన గుట్ట తొందరగా అయిపోయిన రోజుల్లో అనిపించిందన్న మాట. ఒకరోజు మిరియం పట్టులో బిగువు లేదు. లాగితే చేయి వచ్చేస్తోంది.

"ఏమైంది?" అన్నాడు.

"ఏం కాలేదు."

ఇంకో మడత. "నాకు అబద్ధం చెప్పొచ్చు. దుప్పటికి చెప్పలేవు."

ఆమె మూలలు అతని చేతిలో పెట్టి అక్కడే ఆగిపోయింది. "ఇంట్లో చోటు చాలట్లేదంది వదిన. నేనెప్పుడు వెళ్తానా అని చూస్తోంది. అన్నయ్య ఏం మాట్లాడలేదు," అంది.

పెద్దక్క ఒక్క మాట అడగలేదు. పక్క జంటకి కనుసైగ చేసింది. వాళ్ళొచ్చి వీళ్ళ గుట్టలో సగం ఎత్తుకెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర ఎనిమిది డబ్బాల్లోంచి ఎనిమిది రకాలు మిరియం ముందుకి వచ్చాయి. ఎవరూ ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. ఆమెకి తినలేక ఆయాసం వచ్చింది. ఇంట్లో లేని చోటు ఆ బల్ల దగ్గర ఉందని ఆ రోజు తెలిసింది.

అంతా బాగానే ఉంది కదా అనుకుంటుండగా మిషన్ వచ్చింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. అందర్నీ పిలిచి, "ఎవరి ఉద్యోగమూ పోదు. నడుం నొప్పులూ ఉండవు. హాయిగా ఉంటుంది," అని మనస్ఫూర్తిగా చెప్పాడు. ఆ మిషన్‌కి ఒక్క మనిషి చాలు. దుప్పటి రెండు మూలలూ దాని క్లిప్పులకి తగిలిస్తే లాక్కుని, ఇస్త్రీ చేసి, మడిచి, అవతల పేర్చేస్తుంది. చురుకైనదని మిరియాన్ని అక్కడ నిలబెట్టారు. బలమైనవాడని నిచ్చెనని వ్యానులో మూటలు ఎక్కించే పనికి పంపారు. అతని డ్యూటీ తెల్లారకముందే మొదలై, ఆమె వచ్చే వేళకి అయిపోతుంది. పెద్దక్కని అద్దాల గదిలో స్క్రీన్ ముందు కూర్చోబెట్టారు. మిగతావాళ్ళు తలో మూల. భోజనం కూడా వంతులవారీగా. బల్ల మాత్రం అలాగే ఉంది, ఒకేసారి ఇద్దరికి మించి దాని దగ్గర కూర్చున్నది లేదు.

హాయిగానే ఉంది. ఎవరి నడుమూ నొప్పి పెట్టలేదు. కానీ ఎవరూ నవ్వడం లేదు. ఎప్పుడూ సెలవు పెట్టనివాళ్ళు జలుబు చేసిందని మానేయడం మొదలుపెట్టారు.

మిరియానికి వింత జబ్బు పట్టుకుంది. మూలలు క్లిప్పులకి తగిలించాల్సింది పోయి, రెండు చేతులూ ముందుకి చాచి వదిలేసేది. అందుకునేవాళ్ళు లేరు. తడి నేల మీద దుప్పటి పడేది. మళ్ళీ ఉతుకుడు. రోజుకి ఎన్నోసార్లు. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరి చేతిలో పెట్టిన చేతులు, వాటికేం తెలుసు పాపం.

"ఏంటమ్మా ఇది? నీ అంత చురుకైనవాళ్ళు లేరనేగా నిన్ను పెట్టింది?" అన్నాడు మేనేజరు.

"రేపట్నుంచి పడేయను సార్," అంది. మర్నాడూ పడేసింది.

నిచ్చెన గేటు దగ్గరైనా కనబడతాడని ఆమె ఆశ. ఒక బస్సు ముందే ఎక్కి వచ్చి చూసింది. అతను అప్పటికే మందుల షాపు మీదుగా ఇంటికి పరుగెత్తి ఉండేవాడు. ఎదురుపడితే అనాల్సిన మాటలు మాత్రం ఆమె దగ్గర బోలెడు పేరుకుపోయాయి. చివరికి ఒక ఉదయం, సన్నగా చినుకులు పడుతుంటే, గేటులోంచి తల వంచుకుని వస్తూ కనిపించాడు. ఆమె గుండె ఎగిరి గంతేసింది. కొంగలా నడుస్తున్నాడని నవ్వొచ్చింది కూడా.

"ఏం నిచ్చెన గారూ! వ్యాను ఎక్కాక కిందివాళ్ళు కనబడటం లేదా?"

అతను ఆగాడు. ఏదో చెప్పబోయినట్టు మొహం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే ఆరిపోయింది.

"అవును," అని వెళ్ళిపోయాడు.

అవునట! మిరియం వానలో నిలబడి కుతకుత ఉడికిపోయింది. సరే, అంత గొప్పవాడయ్యాక మనమెందుకు? కనిపించినా పలకరించకూడదని గట్టిగా అనుకుంది. ఆ పట్టుదల మీద రెండు వారాలు గడిపింది. ఆ రెండు వారాలూ ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఒక శనివారం వ్యాను డ్రైవరు ఖాళీ ట్రాలీ కోసం లోపలికొచ్చాడు. మాటల మధ్య మామూలుగా అన్నాడు:

"మీ నిచ్చెనని నాలుగు రోజులు ఇంట్లో ఉండమన్నాను. వింటేనా? తల్లి పోయి, దహనం అయిన మర్నాడే డ్యూటీకి వచ్చేశాడు."

"ఎవరి తల్లి?"

"అదేంటి, నీకు తెలీదా? మీరిద్దరూ జంట కదా!"

ఎప్పుడని అడిగింది. అతను చెప్పాడు. నిచ్చెన మళ్ళీ డ్యూటీకి వచ్చింది చినుకులు పడిన ఆ ఉదయమే. ఆమె చేతిలోని దుప్పటి ఒక క్లిప్పుకే తగులుకుని వంకరగా లోపలికి పోయింది. మిషన్ కీచుమని ఆగిపోయింది. అద్దాల గదిలోంచి పెద్దక్క పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే? చెయ్యి నలిగిందా?"

"వాళ్ళమ్మ పోయారు పెద్దక్కా. రెండు వారాలైంది. నేను... నేను ఆ రోజు గేటు దగ్గర ఎగతాళి చేశాను."

పెద్దక్క ఆగిపోయిన మిషన్ మీద చెయ్యి వేసి నిలబడింది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం అక్కడ ఎవరూ చూసి ఎరగరు. "మన పిల్లాడి తల్లి పోతే మనకి వ్యాను డ్రైవరు చెప్పాలిటే," అంది. తర్వాత తిన్నగా మేనేజరు గదిలోకి నడిచింది. వెనకే అందరూ.

"నాకూ తెలీదు పెద్దక్కా. సెలవు కూడా అడగలేదు," అన్నాడు మేనేజరు, నిజంగానే బాధపడుతూ.

"ఎందుకడుగుతాడు సార్? ఇంట్లో కూర్చోలేక ఇక్కడికొచ్చాడు. ఇక్కడ మనిషుంటే కదా! మిషన్ తీసేయమని నేననను. నా నడుం దానికి దండం పెడుతోంది. కానీ దాని ముందు ఇద్దర్ని నిలబెట్టండి. చెరో మూలా తగిలిస్తారు. తిండి అందరికీ ఒకే వేళకి పెట్టండి. జీతం కోసమే వస్తాం, కాదనను. కానీ జీతం నెలకోసారి. పొద్దున లేచి రావాలనిపించడం రోజూ కావాలి."

మేనేజరు పెన్ను మూత తీసి డ్యూటీల కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "సోమవారం నుంచి," అన్నాడు.

పెద్దక్క మిరియం వైపు తిరిగింది. "మేమందరం రేపొస్తాం. నువ్విప్పుడే వెళ్ళు."

వాన జోరందుకుంది. మేనేజరు రాసిచ్చిన అడ్రసు కాగితం తడిసిపోకుండా గుప్పిట్లో పట్టుకుని మిరియం ఆ ఇంటి తలుపు తట్టింది. అతనంత పొడుగున్న పెద్దాయన తీశాడు. ముందు ఎదురుగా చూశాడు, ఎవరూ కనబడలేదు. తర్వాత కిందికి చూశాడు. చూసి, బాగా తెలిసిన మనిషిలా మెత్తబడిపోయాడు.

"మిరియానివి కదూ?"

"అవునండీ."

"రా తల్లీ. కోడలివి, గుమ్మంలో నిలబడతావేం? పాపం, వీడి తల్లి నీ కోసం ఎంత ఎదురుచూసిందో. నువ్వు ఒప్పుకున్నావని వీడు చెప్పిన రోజు అడిగి మరీ అన్నం పెట్టించుకుంది."

మిరియం చేతిలోని అడ్రసు కాగితం వైపు మళ్ళీ చూసింది. కోడలేమిటి? ఒప్పుకోవడమేమిటి? ఆయన మొహం చూశాక అడగబుద్ధి కాలేదు. చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

గదిలో ఖాళీ మంచం. పక్కన కుర్చీ మీద ఉతికి ఆరేసి తెచ్చిన దుప్పట్లు కుప్పగా ఉన్నాయి. వంటగదిలోంచి కాఫీ గ్లాసుతో వస్తూ అతను ఆమెని చూసి ఆగిపోయాడు. గడ్డం పెరిగింది. మనిషి సగమయ్యాడు.

"నువ్వా?"

"నేనే." ఏడుపు ఆపుకోవడానికి ఆమెకి కోపమే దొరికింది. "ఇన్ని దుప్పట్లు మడిచినవాడివి, ఇంట్లోవి ఇలా పడేస్తావా?"

"ఒక్కడి వల్ల కాలేదు."

"పట్టుకో."

ఇక్కడ రోలర్ల మోత లేదు. ఈ కొసన గొణిగినా ఆ కొసకి వినిపిస్తుంది. అయినా ఇద్దరూ దగ్గరికి వచ్చేదాకా నోరు విప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

వెళ్ళాడు, వచ్చాడు.

"పొద్దున్నే ఎవరుంటారు? వ్యానుకి చెప్పనా?"

ఒక దుప్పటి అయింది. రెండోది తీశారు.

"గేటు దగ్గర నేనన్న మాట..."

"బాగుంది," అన్నాడు. "విన్న వెంటనే ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాలనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది."

ఆమె మూలలు అతని చేతిలో పెట్టింది గానీ తన చేతులు వెనక్కి తీసుకోలేదు. అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి. అలా పట్టుకునే అంది.

"మీ నాన్నగారు నన్ను కోడలన్నారు."

దుప్పటి నేల మీద పడింది. అతను మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"మిషన్ వచ్చాక చెప్పడానికి ఏమీ లేకపోయింది," అన్నాడు తల వంచుకుని. "మొదటిరోజు ఏమీ లేదన్నాను. అమ్మ మొహం చిన్నబోయింది. మర్నాడు నేనే ఒకటి కల్పించి చెప్పాను. నువ్వన్నావని. రోజూ కల్పించాను. నీ అంత బాగా రావు. అయినా నవ్వేది. ఒంట్లో బాగా లేనప్పుడు ఇంకోటి అడగడం మొదలెట్టింది, పెళ్ళి మాట ఎత్తావా అని. ఎత్తానన్నాను."

"నేనేమన్నాను?"

"మొదట ఒప్పుకోలేదు."

"ఎన్నాళ్ళు?"

"వారం తిప్పించావు."

"వారమేనా? నా గురించి అంత తెలిసి వారమే పెడతావా? ఇంకా తిప్పించాల్సింది."

"అమ్మకి అంత టైం లేదు."

మిరియం ఏడ్చేసింది. దాచుకోలేదు, తుడుచుకోలేదు. గుమ్మం దగ్గర పెద్దాయన గోడకి ఆనుకుని అంతా వింటున్నాడని ఇద్దరికీ తెలియదు.

"ఒక్కసారి తీసుకురారా, చూస్తానంది. రేపు తెస్తానన్నాను. ఏ మొహంతో పిలవను నిన్ను? అప్పటికి నీతో మాట్లాడి నెల దాటింది. అమ్మకి అబద్ధం చెప్పి పంపించాను మిరియం. అదే మింగుడు పడటం లేదు."

ఆమె వంగి నేల మీది దుప్పటి తీసింది. దులిపింది. రెండు మూలలు అతని చేతుల్లో పెట్టి, తన మూలలతో వెనక్కి నడిచింది. గట్టిగా ఒక్కసారి లాగింది. అతను లేచి నిలబడక తప్పలేదు. మూలకు మూల కలుపుకుని, తిన్నగా అతని దగ్గరికి నడిచొచ్చింది.

"అత్తయ్యకి నువ్వు అబద్ధమేం చెప్పలేదు."

అతను తలెత్తి చూశాడు.

"నాకంటే ముందు ఆవిడకి చెప్పావు," అంది. "అంతే తేడా."

తల్లి పోయినప్పటి నుంచి కన్నీరు రాని మనిషి, ఆ దుప్పట్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఊరుకోమని ఆమె అనలేదు. అవతలి మూలలు పట్టుకుని అలాగే నిలబడింది. గుమ్మంలోంచి పెద్దాయన ఒక అడుగు లోపలికి వేసి, ఏం చేయాలో తెలియక ఆగాడు.

మిరియం అటు తిరిగింది.

"మామయ్యా, అత్తయ్య ఫొటో ఉంటే ఒకసారి తెస్తారా? నేను ఆవిడ్ని చూడలేదు."